ఇందులో నీ చెయ్యి ఎంత?

ఇంజనీరింగు సీటుకు మూడు గంటల పరీక్ష, ఒక ర్యాంకు చాలు. బొమ్మలేసే పిల్లకో పిల్లాడికో ఆ దారిలోనే చదువుకోవాలనిపిస్తే మాత్రం చాలాచోట్ల ర్యాంకుతో పని జరగదు. ఈ రెండు మూడేళ్లలో ఏం గీశావో తెచ్చి చూపించు అంటారు. ఆ రెండు మూడేళ్లంటే సరిగ్గా పదో తరగతి, ఇంటర్మీడియట్. తిరుపతిలో, చిత్తూరులో ఆ వయసు పిల్లలు ఎక్కడుంటారో అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్ల మధ్య, రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో ఉంటారు. అక్కడ డ్రాయింగు పీరియడు ఉండదు. పెట్టెలో స్కెచ్‌బుక్కు కనబడితే తీసి బీరువాలో పెట్టి, పరీక్షలయ్యాక తీసుకెళ్లమనే వార్డెన్లూ లేకపోలేదు. అంటే పోర్ట్‌ఫోలియో పోగుపడాల్సిన కాలంలోనే పిల్లల చేతిలోంచి పెన్సిలు జారిపోతోంది. ఆ తర్వాత ఫిబ్రవరిలోనో మార్చిలోనో మేలుకుని, నెల రోజుల క్రాష్ కోర్సులో పది బొమ్మలు వేయించి పంపించేస్తున్నారు.

అన్ని చోట్లా పోర్ట్‌ఫోలియో అడుగుతారని భయపెట్టడం కూడా తప్పే. కడపలో 2020లో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్షతో సీట్లు ఇస్తోంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికి ఫాడీ పరీక్ష ఉంది. గీయడం, రంగులు వేయడం ఒక భాగం, ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఇంకో భాగం. జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో డిజైన్ డిగ్రీకి చేత్తో నమూనా చేసి చూపే సిచువేషన్ టెస్టు పెడతారు, ఐఐటీల డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో గీయాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది, జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ రెండో దశలో స్టూడియో పరీక్ష ఉంటుంది. వీటిలో డిగ్రీ స్థాయిలో కట్ట కట్టి తీసుకెళ్లాల్సిన పనేమీ ఉండదు. పీజీకి వచ్చేసరికి కథ మారుతుంది, ఇంటర్వ్యూ బల్ల మీద పోర్ట్‌ఫోలియో పరచాల్సిందే. బెంగళూరు, పుణె వైపు ప్రైవేటు డిజైన్ కళాశాలలు చాలావరకు డిగ్రీకే అడుగుతున్నాయి. విదేశాల సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికాలో రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ 12 నుంచి 20 పనులు పంపమంటుంది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూలుకు 10 నుంచి 15 కావాలి. న్యూయార్కులోని పార్సన్స్ 8 నుంచి 12తో సరిపెట్టుకుంటుంది గానీ, పైన ఒక ప్రత్యేక అసైన్‌మెంటు కూడా చేసి పంపమంటుంది.

చేతి బొమ్మలు చూసి సీటివ్వడం మనకు కొత్త సంగతి కాదు. 1916లో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు వెళ్లినప్పుడు ఆయనకు 19 ఏళ్లు. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తించి అటు పంపాడు. అక్కడ ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఆయన తెచ్చిన బొమ్మలు తిరగేసి, మొదటి రెండేళ్లూ అక్కర్లేదని నేరుగా మూడో ఏడాదిలో కూర్చోబెట్టాడని రామారావు జీవితం రాసినవాళ్లు చెబుతారు. 1925లో మశూచికంతో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, ఆంధ్ర చిత్రకళకు ఒక ముఖం ఇచ్చి వెళ్లాడు. ఈ కథ చెప్పేవాళ్లు రామారావు ప్రతిభ దగ్గరే ఆగుతారు. నా దృష్టి కూల్డ్రే మీదికి పోతుంది. బొంబాయిలో కట్ట విప్పడానికి చాలా ముందే, రాజమండ్రిలో ఒక మనిషి ఆ బొమ్మలు తీరిగ్గా చూశాడు. మన పిల్లలకు కరువైంది అలా చూసేవాళ్లే.

మన దగ్గర దరఖాస్తులకు తయారయ్యే పోర్ట్‌ఫోలియోలు ఎలా ఉంటున్నాయి? సినిమా హీరో ముఖం, ఫోనులో ఫొటో చూసి గళ్లు గీసుకుని వేసిన పెన్సిలు షేడింగు. శ్రీవారి నిలువెత్తు బొమ్మ, క్యాలెండరు చూసి. కొండల మధ్య అస్తమించే సూర్యుడు, యూట్యూబు చూసి. ఒక ఆపిలు, ఒక సీసా, వెనక ముడతలు పడ్డ గుడ్డ, కోచింగు సెంటరులో అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని వేసింది. చివర్లో ఒక మండల, ఒక సామాజిక సందేశం పోస్టరు. వేసిన చెయ్యి చెడ్డదేం కాదు, చాలాసార్లు బ్రహ్మాండంగా ఉంటుంది. ముప్పై మంది సంచులు విప్పితే ముప్పైలోనూ అవే బొమ్మలు ఉండడమే ఇబ్బంది. ఎంపిక చేసేవాళ్లు రోజుకు వందల ఫైళ్లు చూస్తారు. ఫొటోను అచ్చంగా దించగలనని చూపే పని వాళ్లకు పిల్లవాడి ఓపికను తెలియజేస్తుంది. వాడు దేన్ని చూసి ఆగాడో, ఎందుకు ఆగాడో దానివల్ల తెలియదు.

చూసి వేయడాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ప్రభుత్వ పరీక్షల విభాగం నడిపే డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు ఎన్నో ఊళ్లలో ఎందరికో గీత నేర్పాయి. ఆ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ పొంది, డ్రాయింగు మాస్టార్లయినవాళ్లు ఒక తరానికి స్కేలు పట్టడం, కుంచె కడగడం నేర్పారు. అయితే ఆ చదువు ఉద్యోగ అర్హత కోసం రూపొందింది. సర్టిఫికెట్టు తెచ్చి ఫైల్లో పెడితే విశ్వవిద్యాలయం దాన్ని పక్కకు జరిపి, మిగతావి చూపించమంటుంది.

ఇక్కడే మన ప్రాంతపు చిత్రమైన సంగతి ఒకటి ఉంది. తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే శ్రీకాళహస్తి. అక్కడి కలంకారీ కుటుంబాల్లో పదిహేడేళ్ల పిల్లకు అప్పటికే ఐదారేళ్ల పని అనుభవం ఉంటుంది. ఆమె డిజైన్ కోర్సుకు దరఖాస్తు పెట్టాలనుకుంటే మొదట చేసే పనేమిటంటే, ఇంట్లో నేర్చుకున్నది పక్కన పెట్టి తిరుపతిలో కోచింగుకు పోయి ఆపిలు గీయడం నేర్చుకోవడం. ఇంటి పని ఇంటి పనే, చదువు చదువే అనుకుంటుంది. ఇంట్లోవాళ్లు కూడా, ఈ గుడ్డలు చూసి సీటెవరిస్తారమ్మా అంటారు.

ఆ గుడ్డ వెనక ఎంత చదువుందో ఒకసారి చూద్దాం. నేత గుడ్డను ముందు ఉడికించో నానబెట్టో గంజి వదలగొడతారు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు తర్వాత ఇనుముతో కలిసి నలుపవుతుంది, పాలలోని కొవ్వు రంగును పాకకుండా పట్టి ఉంచుతుంది. చింతబరికె కాల్చిన బొగ్గుతో తొలి గీత పడుతుంది. వెదురు పుల్లకు ఉన్నో గుడ్డో చుట్టి దారంతో కట్టిన కలంతో నల్ల గీత గీస్తారు. ఆ నలుపు కసిమి. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి పులియబెడితే వస్తుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, ఉతికి, మంజిష్ఠ వంటి వేరు వేసి ఉడకబెడితే పటిక పడ్డ చోటే ఎరుపు తేలుతుంది. పసుపుకు కరక పువ్వు, దానిమ్మ తొక్క, నీలానికి నీలిమందు. రంగుకూ రంగుకూ మధ్య ఉతుకు. దానికి పారే నీళ్లు కావాలి, ఊరి పక్క స్వర్ణముఖి నదిలో నీళ్లు లేని రోజులే ఎక్కువ. రసాయన శాస్త్రం, వస్త్ర శాస్త్రం, కథ చెప్పే కూర్పు, మూడూ ఒకే గుడ్డ మీద ఉన్నాయి. ఇది తెలిసిన పిల్ల ఆపిలు దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టడం ఏమిటి?

అయితే గుడ్డను అలాగే మడిచి ఫైల్లో పెట్టేస్తే సీటు వస్తుందా అంటే అదీ రాదు. కలంకారీ పనిశాలలో ఒక పెద్ద వస్త్రం ఒక చెయ్యి మీద తయారు కాదు. గీత ఒకరిది, తరచుగా ఇంటి పెద్దది. రంగులు నింపేది ఆడవాళ్లు, పిల్లలు. ఉతుకు, ఉడుకు ఇంకొకరివి. కథను ఏ గడిలో ఎక్కడ పెట్టాలన్నది తాత నుంచి వచ్చిన కూర్పు కావచ్చు. విశ్వవిద్యాలయం మాత్రం ఇది నీ పనేనా అని అడుగుతుంది. ఫారంలో సంతకం కూడా పెట్టించుకుంటుంది. రామాయణం మొత్తం పరిచిన రెండు మీటర్ల గుడ్డ పక్కన ఆ పిల్ల తన పేరు రాస్తే అబద్ధమవుతుంది. రాయకుండా వదిలేస్తే ఐదేళ్ల పని గాలికి పోతుంది.

నా అభిప్రాయంలో ఈ చిక్కుకు దారి చాలా తిన్నగా ఉంది, అయినా మనవాళ్లు ఎవరూ పిల్లలకు చెప్పడం లేదు. ఆ గుడ్డను పెట్టాలి. కింద నాలుగు మాటలు రాయాలి: గీత మా పెదనాన్నది, పసుపూ నీలమూ నింపింది నేను, రెండో ఉడుకు నుంచి నేనే చూసుకున్నాను, ఇందులో హనుమంతుడి తోక దగ్గర పసుపు చెదిరింది నా వల్లే. విదేశాల్లోనూ ఇక్కడా కూడా మంచి కళాశాలలు ఉమ్మడి పనిని కాదనవు, ఎవరి వంతు ఎంతో చెప్పమంటాయి, అంతే. పక్కనే మొదటి నుంచి చివరి దాకా తానొక్కతే చేసిన గుడ్డ ఒకటి ఉండాలి. చేతిరుమాలంత ఉన్నా చాలు. దాని మీద రాముడు ఉండాలన్న నియమం లేదు. కాళహస్తి బస్టాండు ఉండొచ్చు, అత్తను కాన్పుకు తీసుకెళ్లిన 108 బండి ఉండొచ్చు. మూడోది, అన్నిటికంటే విలువైనది, ఇంట్లో అందరూ పారేసేది. పటిక ఎక్కువైన ముక్క, పాలు చాలక నలుపు పాకిపోయిన ముక్క, ఒకే రంగును మూడు ఉడుకుల్లో పరీక్షించిన పేలికలు. వాటిని వరసగా కుట్టి, కింద తేదీ, కొలత రాస్తే, చూసేవాళ్లకు ఒక మెదడు పనిచేసిన తీరు కనబడుతుంది. ఇంటర్వ్యూలో ఈ నలుపు ఎలా వచ్చింది అని అడిగితే ఆ పిల్ల పావుగంట మాట్లాడగలదు. దుకాణంలోంచి మంచి చీర తెచ్చి పెట్టిన పిల్లవాడు అర నిమిషంలో ఆగిపోతాడు.

కాళహస్తి కూడా తన విద్యను బడిలో పెట్టి నేర్పాల్సి వచ్చిన కాలం ఒకటి ఉంది. 1950ల నాటికి ఈ పని దాదాపు ఆగిపోయే స్థితికి చేరితే, కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో అఖిల భారత హస్తకళల బోర్డు ఆ దశాబ్దం చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించింది. తండ్రి లక్ష్మయ్య దగ్గర నేర్చుకున్న జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు కాళహస్తి వస్త్రాలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియం గోడ మీద ఉంటే కళ, మన ఇంటి దండెం మీద ఉంటే గుడ్డ అనుకునే అలవాటు మనది. నిజానికి చేతివృత్తి కుటుంబాల పిల్లల కోసం నిఫ్ట్ విడిగా కొన్ని సీట్లు పెట్టింది. హస్తకళల కమిషనరు కార్యాలయం ఇచ్చే పహచాన్ కార్డు ఉంటే ఆ దారిలో దరఖాస్తు చేయొచ్చు. కార్డు బీరువాలో ఉండి, ఈ సంగతి చెవిన పడని ఇళ్లు కాళహస్తిలోనూ మాధవమాలలోనూ ఎన్నో ఉంటాయి.

మాధవమాల అన్నాక కొయ్య బొమ్మల మాట, దాంతోపాటు తిరుపతిలోని శిల్ప విద్యాలయం మాట రాక తప్పదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్పకళా సంస్థలో రాయి, లోహం, కొయ్య, సుధ (సున్నపు శిల్పం), సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. అక్కడి విద్యార్థి ఉత్తమ దశతాళమనే శిల్పశాస్త్ర కొలతలో విగ్రహాన్ని 124 అంగుళ భాగాలుగా విభజించి, మోకాలు ఎక్కడ రావాలో, బొడ్డు ఎక్కడ పడాలో తాడు పట్టినట్టు చెప్పగలడు. అదే విద్యార్థి పై చదువుకు పోర్ట్‌ఫోలియో తీసుకెళ్తే, అన్నీ ఒకేలా ఉన్నాయి, నీ సొంతమేది అని ఒక ఆధునిక కళాశాల అధ్యాపకుడు పెదవి విరవచ్చు. ఈ విషయంలో తప్పు పూర్తిగా పిల్లవాడిది కాదు. సొంతం అంటే ఎవరూ వేయనిది వేయడమే అన్న లెక్క ఎంపిక గదుల్లో గట్టిగా పాతుకుపోయింది. శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ ప్రకృతి పరిశీలన, సంప్రదాయం, స్వతంత్ర భావన మూడింటినీ కలిపి బోధించాడు. ఆయన శిష్యపరంపరలోని కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలో చేతివృత్తులవాళ్లను కళాకారుల పక్కన సమానంగా కూర్చోబెట్టాలని జీవితమంతా వాదించాడు. ఆ ఆలోచన పాఠ్య పుస్తకాల్లో ఉండి, ప్రవేశాల బల్ల దగ్గరకు వచ్చేసరికి మాయమవుతోంది. కడప విశ్వవిద్యాలయం, తిరుపతి శిల్ప విద్యాలయం ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. రెండింటి మధ్య ఒకరి విద్యార్థిని ఒకరు చూసే ఏర్పాటు ఉంటే, కొలతకు లోబడిన చేతిని ఎలా చదవాలో కడప అధ్యాపకులకు, కొలత దాటాక ఏం చేయాలో తిరుపతి పిల్లలకు తెలిసేది.

ఈలోగా విద్యార్థి చేయగలిగిందీ ఉంది. పూర్తయిన విగ్రహం బొమ్మతోపాటు దాని వెనకున్న గళ్ల కాగితాన్ని కూడా చూపాలి. కొలత ఎక్కడిదాకా చెప్పింది, వేళ్ల వంపులోనో కనురెప్ప బరువులోనో తన చెయ్యి ఎక్కడ నిర్ణయించింది, ఆ రెండూ గుర్తు పెట్టాలి. ఒకే మూర్తిని ఏడాది తేడాతో వేసిన రెండు కాగితాలు పక్కపక్కన పెడితే మాటలు కూడా అక్కర్లేదు.

వృత్తి కుటుంబాల్లో పుట్టని పిల్లల సంగతేమిటి? వాళ్లే ఎక్కువమంది. తిరుపతిలో ఉంటూ ఏం గీయాలో తోచడం లేదనే పిల్లల్ని చూస్తే కొంచెం కోపమే వస్తుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, నెత్తిన సున్నపు కుండలు, పేరంటాళ్లు. రోజుకో వేషంలో ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. మీసాలాయన చీర కట్టుకుని బడిపిల్లవాడి చెయ్యి పట్టుకుని ఐస్‌క్రీం కొనిపెడుతుంటాడు. చివరి రాత్రి మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం, తెల్లవారాక ఆ మట్టి కోసం జనం తోసుకోవడం. ప్రపంచంలో ఏ ఆర్ట్ స్కూలు విద్యార్థికైనా అసూయ కలిగించే వారం అది. మనవాడు ఆ వారం అంతా ఏసీ గదిలో గ్రీకు విగ్రహం ప్లాస్టరు నమూనాకు షేడింగు వేస్తుంటాడు. గుడిమల్లం ఏర్పేడుకు దగ్గర్లోనే. క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాలదని పండితులు చెప్పే లింగం అక్కడుంది. చూసి, బయటికొచ్చి మండపంలో కూర్చుని గుర్తున్నంత గీసే అలవాటు చేసుకుంటే, ఫాడీలో జ్ఞాపకం నుంచి గీయమన్నప్పుడు చెయ్యి వణకదు. జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరతాయి. బండ్ల కింద నిద్రపోయే రైతులు, పండి కారుతున్న కాయలు, కుదరని ధర మీద వాదన. ఆ వరస పొడవునా రోజూ ఒక పేజీ గీసిన పిల్లవాడి స్కెచ్‌బుక్కు లాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదు. పలమనేరు కుమ్మరుల సారె, మదనపల్లె టమాటా మండీలో వేలంపాట చేతులు, రేణిగుంట జంక్షన్‌లో గుండుతో తిరిగి వెళ్తున్న కుటుంబాలు.

ఇలా చెబితే, స్థానికం అమ్ముకోమంటున్నారా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. విదేశీ కళాశాలకు పంపే ఫైల్లో గోపురం, గంగిరెద్దు, ముగ్గు పెడితే వాళ్లకు ముచ్చటేస్తుందనే లెక్క కొందరు కన్సల్టెంట్లు వేస్తున్నారు. అది ఆపిలు కంటే అన్యాయం, ఎందుకంటే అక్కడ పిల్లవాడు తన ఊరిని పర్యాటకుడి కళ్లతో చూడటం నేర్చుకుంటాడు. తోట వైకుంఠం హైదరాబాదులో, తర్వాత బరోడాలో చదివాడు. ఎన్నో రకాల పద్ధతులు చూశాడు. చివరికి తెలంగాణ పల్లె ఆడవాళ్ల బొట్టు, చీర, ముక్కెర ఆయన కుంచెలోకి వచ్చాయంటే అవి ఎవరికో నచ్చుతాయని వచ్చినవి కావు, చిన్నప్పటి నుంచి కంట్లో ఉండిపోయినవి. మన జిల్లాకు దగ్గర ఉదాహరణ కె. శ్రీనివాసులు. నాగలాపురంలో బాల్యం గడిపి, మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదివాడు. పాశ్చాత్య పద్ధతిలో గట్టి శిక్షణ ఇచ్చే బడిలోంచి వచ్చి కూడా ఆయన బొమ్మల్లో పల్లె బొమ్మల గీత, లేపాక్షి కుడ్యచిత్రాల కన్ను నిలబడ్డాయి. తిరుపతి పిల్లకు గోపురం కంటే తన ఇంటి మెట్ల కింద చెప్పుల స్టాండే ఎక్కువ తెలిసి ఉంటే, ఆ స్టాండే గీయాలి.

ఏరడం, ఫొటోలు తీయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు గానీ, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. పన్నెండు అడిగితే పన్నెండు మంచివి చాలు, ఇరవై నింపాలని నాసిరకం కలపొద్దు. చూసేవాడి కన్ను అన్నిటికంటే బలహీనమైన బొమ్మ దగ్గరే ఆగుతుంది. కాగితాన్ని నేల మీద పెట్టి పైనుంచి ఫోనుతో తీస్తే సొంత నీడే పడుతుంది. గోడకు అంటించి, పొద్దున ఎండ నేరుగా పడని వరండాలో, ఫ్లాష్ లేకుండా, ఎదురుగా నిలబడి తీయాలి. గుడ్డయితే ఇస్త్రీ చేయాలి, మొత్తం ఒక ఫొటో, గీత కనబడేలా దగ్గర్నుంచి ఇంకొకటి. కొలత, మాధ్యమం, ఏడాది రాయాలి. లామినేషన్ చేయించొద్దు, ఊళ్లో ప్రతి జిరాక్సు షాపువాడూ చేయించమంటాడు, వినొద్దు.

ఫైలుతోపాటు అడిగే వ్యాసం గురించి ఒక్క మాట. తిరుపతి సెంటర్లలో ఇప్పుడు దాన్ని చాట్‌బాట్‌తో రాయించడం మామూలైంది. అందరి చిన్నతనమూ రంగుల ప్రపంచమే అవుతోంది. బొమ్మలను కూడా అలాగే పుట్టించి పంపే తెలివి కొందరికి వచ్చింది. కళాశాలలు దాన్ని దాచకుండా చెప్పమంటున్నాయి, చెప్పకుండా దొరికితే దరఖాస్తు పోతుంది. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో తేలుతుంది. ముందు తెలుగులో రాయడం మేలు. కసిమి ఎందుకు పులవాలో, ట్రాక్టరు కింద పడుకున్న రైతును ఎందుకు గీశావో తెలుగులో చెప్పగలిగిన పిల్లకు దాన్ని ఇంగ్లీషులోకి మార్చిపెట్టే మాస్టారు దొరుకుతాడు. అటునుంచి ఇటు మాత్రం ఎవరూ మార్చలేరు.

డబ్బు మాట దాటేయడం కుదరదు. పెద్ద ఊళ్లలో పోర్ట్‌ఫోలియో కోచింగు ఫీజులు ఇంజనీరింగు కోచింగుతో పోటీ పడుతున్నాయి. బొమ్మలేసుకుంటా కూర్చుంటే కూడెట్ల వస్తాది నాయనా అనే ఇంట్లో ఆ డబ్బు పుట్టదు. ప్రభుత్వ బడిలో డ్రాయింగు మాస్టారు ఉంటే ఈ పని సగం ఉచితంగా అయ్యేది. ఖాళీ అయిన పోస్టులు నిండటం లేదు. సమగ్ర శిక్ష కింద ప్రాథమికోన్నత బడుల్లో పనిచేసే పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లకు ఏళ్ల తరబడి భద్రతే లేదు. ఇక ఇంటర్మీడియట్‌లో అసలు కుర్చీయే లేదు. పదో తరగతికీ డిగ్రీకీ మధ్య ఈ రెండేళ్ల గోతిని పూడ్చకుండా కడపలో ఎన్ని కోర్సులు తెరిచినా, చేరేది డబ్బున్న ఊళ్ల పిల్లలే అవుతారు.

అమెరికాలో నేషనల్ పోర్ట్‌ఫోలియో డే అని జరుగుతుంది. ఆర్ట్ కళాశాలల ప్రతినిధులు ఒక ఊరికి వచ్చి బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఏ విద్యార్థయినా ఉచితంగా తన పని తీసుకెళ్లి చూపించుకోవచ్చు. అక్కడి అసలు పని సీట్లివ్వడం కాదు, ఏది ఉంచాలో, ఏది తీయాలో, ఇంకా ఏం చేయాలో చెబుతారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలకు అందుబాటులో ఉన్న ఈ సౌకర్యం తిరుపతి పిల్లకు ఎందుకు ఉండకూడదు? దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. తిరుచానూరు రోడ్డులో శిల్పారామం ఉంది, నీడ ఉంది, బల్లలు దొరుకుతాయి. కడప నుంచి ఇద్దరు, హైదరాబాదు నుంచి ఇద్దరు, మన రాష్ట్రంలోనే ఉన్న ఎన్‌ఐడీ నుంచి ఒకరు, తిరుపతి శిల్ప విద్యాలయం నుంచి ఒక స్థపతి, కాళహస్తి నుంచి కలం పట్టిన పెద్దలు ఇద్దరు ఒకే వరసలో కూర్చోవాలి. పిల్లకు అధ్యాపకుడు ఒక మాట, కాళహస్తి పెద్దాయన ఒక మాట చెప్పాలి. ఆ రెండు మాటలు కలవకపోతే ఇంకా మంచిది, ఇద్దరూ వాదించుకోవడం పిల్లలు వినాలి. దరఖాస్తులు మొదలయ్యే ముందు, ఆగస్టులో ఒక ఆదివారం చాలు. విదేశీ గడువులకూ, మన పరీక్షలకూ అప్పటికి ఇంకా నెలలు మిగిలి ఉంటాయి, చెప్పింది చేసుకునే వీలుంటుంది.

ఒక్క చిక్కు మాత్రం ముందే విప్పాలి. జూనియర్ కళాశాలల్లో ఆదివారం కూడా వీకెండ్ టెస్టు ఉంటుంది. ఆ రోజు స్కెచ్‌బుక్కుతో బయటికి వెళ్లే విద్యార్థికి అవుటింగ్ పాస్ ఇవ్వాలని, టెస్టు తర్వాత పెట్టాలని ఇంటర్మీడియట్ బోర్డు అర పేజీ సర్క్యులర్ జారీ చేయాలి. బీరువాలో ఉన్న పుస్తకాలు ముందు రోజు సాయంత్రమే తిరిగి ఇచ్చేయాలని కూడా అందులోనే రాయాలి.